మా ఓటుతో గెలిచి... మా మాట వినరా?

ఎదుటి పార్టీ నాయకుణ్ని నిలదీయడం ఎక్కడైనా ఉన్నదే. సొంత పార్టీ నాయకురాలినే, ఎండలో ఇల్లిల్లూ తిరిగి గెలిపించుకున్న మనిషినే నిలదీయాల్సి వస్తే? అమెరికాలోని అరిజోనా కార్యకర్తలకు అదే ఎదురైంది. తరగతి గది గుమ్మం నుంచి పార్లమెంటు దాకా, నిరాహార దీక్ష నుంచి పార్టీ తీర్మానం దాకా... నాలుగేళ్లు నడిచిన ఆ పోరాటం కథ ఇది.

అది 2021 అక్టోబరు 3, ఆదివారం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఒక తరగతి గది బయట కొందరు యువతీ యువకులు కాచుకుని ఉన్నారు. లోపల పాఠం చెబుతున్న టీచరమ్మ కోసమే వాళ్ల ఎదురుచూపు. ఆమె బయటికి రాగానే వెంటపడ్డారు. ఆమె ఆగలేదు. మాట్లాడలేదు. గబగబా నడిచి ఆడవాళ్ల టాయిలెట్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. వాళ్లూ వదల్లేదు. సెల్‌ఫోన్ కెమెరా ఆన్ చేసుకుని లోపలిదాకా వెళ్లారు.

ఆ గుంపులో ఒక అమ్మాయి. ఊహ తెలియని వయసులో కన్నవాళ్లతో కలిసి అమెరికా వచ్చింది. ఇప్పటికీ సరైన కాగితాల్లేవు. మూసి ఉన్న ఆ తలుపు వైపు చూస్తూ తన గోడు చెప్పుకుంది. అమ్మమ్మా తాతయ్యల్ని 2010లో మెక్సికోకు పంపేశారు. రెండు వారాల క్రితం తాతయ్య చనిపోతే కడచూపుకు వెళ్లలేకపోయింది. వెళ్తే తిరిగి రావడానికి దారి లేదు మరి! ‘మీ కోసం ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టాం. ఎలా గెలిపించామో అలాగే దించేయగలం’ అంది చివరికి.

లోపలి నుంచి జవాబు రాలేదు.

తలుపు వెనక ఉన్నావిడ పేరు కిర్‌స్టెన్ సినెమా. పాఠాలు చెప్పడం ఆమెకు అదనపు పని. అసలు హోదా... అమెరికా సెనేటర్. డెమోక్రటిక్ పార్టీ. తలుపు బయట ఉన్నవాళ్లదీ దాదాపు ఆ పక్షమే!

ఎవరీ సినెమా?

ఇంటిపేరు వింటే మనకు వెండితెర గుర్తొస్తుంది. ఆమె జీవితమూ అలాగే మలుపుల మీద మలుపులు. 1976లో అరిజోనాలోని టూసాన్‌లో పుట్టారు. అమ్మానాన్నలు విడిపోయారు. చిన్నప్పుడు కొన్నాళ్లు మూతపడిన పెట్రోలు బంకులో తలదాచుకున్నామని ఆమే చెప్పుకునేవారు. పద్దెనిమిదేళ్లకే డిగ్రీ పూర్తిచేశారు. పేద పిల్లలు చదివే బడిలో సోషల్ వర్కర్‌గా చేరారు. ఆ తర్వాత లా చదివారు. పీహెచ్‌డీ కూడా చేశారు.

రాజకీయాల్లోకి వచ్చిందేమో ఎడమ దారిలోనే. 2000లో గ్రీన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీచేసిన రాల్ఫ్ నాడర్ ప్రచారంలో పనిచేశారు. ఇరాక్ యుద్ధం వద్దంటూ ఫీనిక్స్ వీధుల్లో ప్రదర్శనలు నడిపారు. 2002లో అరిజోనా శాసనసభకు స్వతంత్రంగా పోటీచేసి ఓడిపోయారు. 2004లో డెమోక్రటిక్ పార్టీలో చేరి గెలిచారు. 2006లో స్వలింగ వివాహాలను నిషేధించే ప్రతిపాదన రాష్ట్రంలో ఓటింగుకు వస్తే, దానికి వ్యతిరేకంగా ప్రచారాన్ని ముందుండి నడిపించి ఓడించారు. అలాంటి నిషేధాన్ని ఓటర్లే తిప్పికొట్టిన మొదటి రాష్ట్రం అరిజోనాయే.

మరో సంగతి. 2003లో జో లీబర్‌మన్ అనే డెమోక్రటిక్ సెనేటర్ అధ్యక్ష పదవి టికెట్టు కోసం అరిజోనా వచ్చారు. రిపబ్లికన్లతో రాసుకు పూసుకు తిరుగుతారని ఆయనకు పేరు. ఆయన పార్టీకే సిగ్గుచేటని, రిపబ్లికన్ల ఓట్లు కావాలనుకోవడం ఏం వ్యూహమని పత్రికల వాళ్ల ముందే నిలదీసింది ఒక యువ కార్యకర్త. ఆ కార్యకర్త... సినెమాయే! పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి సరిగ్గా అదే మాట ఆమె అనిపించుకోవాల్సి వచ్చింది.

చెమటతో కట్టిన గెలుపు

సినెమాను నిలదీసిన యువతది ‘లూచా’ అనే సంస్థ. స్పానిష్‌లో లూచా అంటే పోరాటం. ‘లివింగ్ యునైటెడ్ ఫర్ చేంజ్ ఇన్ అరిజోనా’ అన్నది పూర్తి పేరు. ఇలాంటి సంఘాలకు ఊపిరి పోసింది 2010లో అరిజోనా తెచ్చిన ఎస్‌బీ 1070 చట్టం. పోలీసులు ఏదైనా పనిమీద ఎవరినైనా ఆపినప్పుడు, అక్రమంగా వచ్చారేమోనన్న అనుమానం కలిగితే కాగితాలు చూడాల్సిందేనంది ఆ చట్టం. గోధుమ రంగు చర్మం ఉన్న ప్రతి ఒక్కరికీ రోడ్డెక్కాలంటే భయం పట్టుకుంది. దాన్ని గట్టిగా వ్యతిరేకించిన శాసనసభ్యుల్లో సినెమా ఒకరు.

ఆ భయంలోంచే ఒక తరం లేచింది. చట్టానికి కర్త అయిన రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడు రసెల్ పియర్స్‌ను 2011లో రీకాల్ ఎన్నికలో ఇంటికి పంపారు. 2012లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలకమైన నాలుగు సెక్షన్లలో మూడింటిని కొట్టేసింది. 2016లో కనీస వేతనాన్ని మెల్లగా గంటకు 12 డాలర్లకు పెంచే ప్రతిపాదనను జనం ముందు పెట్టి గెలిపించుకున్నారు. ఓటు హక్కు లేని పిల్లలు ఓటున్న వాళ్ల ఇళ్లకు వెళ్లి బతిమాలడం... ఇదీ వాళ్ల పద్ధతి. ఫీనిక్స్‌లో వేసవి అంటే 40 డిగ్రీలు దాటిన ఎండ. నీళ్ల సీసా, పేర్ల జాబితా పట్టుకుని ఆ ఎండలోనే తిరిగారు.

2018లో సినెమా సెనేట్‌కు నిలబడ్డారు. అప్పటికే ఆమె పార్లమెంటు దిగువ సభలో ఆరేళ్లుగా ఉన్నారు. మాట మెత్తబడింది. ‘నేను ఏ పక్షానికీ గుడ్డిగా కొమ్ముకాయను’ అన్న ధోరణి వచ్చింది. కార్యకర్తలు గమనించకపోలేదు. అయినా రిపబ్లికన్ కంటే మేలు కదా అనుకున్నారు. రెండున్నర శాతం కూడా లేని తేడాతో ఆమె గెలిచారు. అరిజోనా నుంచి ఒక డెమోక్రాట్ సెనేట్‌కు గెలవడం ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి. ఆ రాష్ట్రం నుంచి సెనేట్‌కు వెళ్లిన తొలి మహిళా ఆమే. 2020లో అధ్యక్ష ఎన్నికల్లో బైడెన్ అరిజోనాను గెలిచింది 10,457 ఓట్ల తేడాతో. తట్టిన ప్రతి తలుపూ లెక్కకు వచ్చిన ఎన్నిక అది.

ఒక్క బొటనవేలు

2021 జనవరి. సెనేట్‌లో డెమోక్రటిక్ పక్షానికి 50, రిపబ్లికన్లకు 50. సమానమైతే ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో గట్టెక్కాలి. అంటే ఏ ఒక్క డెమోక్రాట్ కాదన్నా బండి ఆగిపోతుంది. మన దగ్గరైతే పార్టీ విప్ జారీచేస్తుంది. ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. అమెరికాలో ఆ భయం లేదు. సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు. మధ్యలో వెనక్కి పిలిచే వీలు లేదు. పార్టీ మాట వినాలన్న చట్టమూ లేదు. కాబట్టి ఓటు వేసిన జనానికి మిగిలిన ఆయుధం ఒక్కటే... ఒత్తిడి!

మార్చి 5. కనీస వేతనాన్ని దేశమంతటా గంటకు 15 డాలర్లకు పెంచాలన్న బెర్నీ శాండర్స్ సవరణ ఓటింగుకు వచ్చింది. అప్పటికి కేంద్రం నిర్ణయించిన వేతనం 7.25 డాలర్లు. 2009 నుంచీ అంతే. సినెమా సభ మధ్యకు వచ్చారు. మోకాళ్లు కాస్త వంచి, బొటనవేలు కిందికి చూపించారు. వద్దని ఓటు! సవరణ 58-42 తేడాతో వీగిపోయింది. నిజానికి డెమోక్రటిక్ పక్షంలో వద్దన్నవాళ్లు ఎనిమిది మంది. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ బొటనవేలే. వీడియో దేశమంతా తిరిగింది. గిన్నెలు కడిగి, గదులు తుడిచి బతికేవాళ్ల ముందు ఆ హుషారేమిటన్నది విమర్శకుల మాట. సభలో అలా ఓటేయడం మామూలేనన్నది మద్దతుదారుల మాట. అదే అరిజోనాకు చెందిన జాన్ మెకెయిన్ కూడా 2017లో ఇలాగే బొటనవేలు దించి సొంత రిపబ్లికన్ పార్టీ ఆరోగ్య బిల్లును ఓడించారు. అప్పుడు డెమోక్రాట్లు ఆయన్ను ఆకాశానికెత్తారు మరి!

అరవై దాటితేనే...

అసలు తగువు ఇంకోటి ఉంది. దాని పేరు ఫిలిబస్టర్. సెనేట్‌లో చాలా బిల్లులకు చర్చ ముగించి ఓటింగుకు వెళ్లాలంటే వందలో అరవై మంది ఒప్పుకోవాలి. 50 మంది ఉన్న పార్టీ ఆ గీత దాటడం కల్ల. కానీ ఈ నిబంధన రాజ్యాంగంలో లేదు. అది సెనేట్ సొంత పద్ధతి. సగం మంది అనుకుంటే మార్చేయొచ్చు.

మార్చమన్నారు కార్యకర్తలు. వాళ్ల తొందరకు కారణముంది. 2020 ఎన్నికల తర్వాత చాలా రాష్ట్రాల్లో రిపబ్లికన్లు ఓటింగు నిబంధనలు బిగించారు. అరిజోనాలోనే 2021 మేలో ఒక చట్టం వచ్చింది. పోస్టులో బ్యాలెట్ తెప్పించుకునే శాశ్వత జాబితాలోంచి, దాన్ని తరచూ వాడుకోనివాళ్ల పేర్లు తీసేసే చట్టమది. ‘మేం ఎండలో తిరిగి చేర్పించిన ఓటర్లనే తీసేస్తుంటే మీరు సభా సంప్రదాయం అంటారా?’ అన్నది వాళ్ల ప్రశ్న.

సినెమా జవాబు ఆ జూన్‌లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వ్యాసంగా వచ్చింది. ‘ఇవాళ మనం 51 ఓట్లతో చట్టం తెస్తే, రేపు వాళ్లొచ్చి 51 ఓట్లతోనే దాన్ని చెరిపేస్తారు. ఇంకా కఠినమైనవి తెస్తారు. రెండు పక్షాలూ కలిసి చేసిందే నిలుస్తుంది’... ఇదీ ఆ వ్యాసం సారాంశం. చెప్పి ఊరుకోలేదు కూడా. ఆ ఏడాది రెండు పార్టీల్నీ కూర్చోబెట్టి రోడ్లు, వంతెనలు, నీటి పైపుల కోసం లక్షా 20 వేల కోట్ల డాలర్ల మౌలిక సదుపాయాల చట్టం రావడంలో ముఖ్యపాత్ర ఆమెదే. ఆ బిల్లుకు సెనేట్‌లో 69 ఓట్లు వచ్చాయి.

దీక్ష దాకా...

జులైలో ఫీనిక్స్‌లోని ఆమె ఆఫీసు ముందు ‘పూర్ పీపుల్స్ క్యాంపెయిన్’ బైఠాయింపు. దాదాపు నలభై మంది అరెస్టయ్యారు. బైడెన్ ప్రతిపాదించిన మూడున్నర లక్షల కోట్ల డాలర్ల సంక్షేమ, వాతావరణ ప్రణాళికను అంత ఖర్చుతో ఒప్పుకోనని సినెమా తేల్చేశారు. పెద్ద కంపెనీల మీద పన్ను రేటు పెంచడానికీ అడ్డం తిరిగారు. ఫైనాన్స్, ఔషధ రంగాల నుంచి వచ్చే విరాళాలే ఇలా మాట్లాడిస్తున్నాయని కార్యకర్తలు ఆరోపించారు. విమానంలో, విమానాశ్రయంలో, ఆఖరికి ఆమె వెళ్లిన ఒక పెళ్లి దగ్గరా నిలదీతలే. అక్టోబరులో ఆమె సలహామండలిలోని అయిదుగురు మాజీ సైనికులు రాజీనామా చేశారు. మీరు సొంత జనానికి కాకుండా పెద్ద దాతలకు జవాబు చెబుతున్నారంటూ ఘాటుగా లేఖ రాశారు.

డిసెంబరులో అరిజోనా విశ్వవిద్యాలయాల విద్యార్థులు సుమారు ఇరవై మంది నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఓటు హక్కు బిల్లు కోసం రెండు వారాలు పస్తులున్నారు. దీక్ష అనే మాట మనకు కొత్త కాదు. అమెరికాలో కాలేజీ పిల్లలు ఒక ఓటింగు బిల్లు కోసం కడుపు మాడ్చుకోవడం మాత్రం అరుదే.

టాయిలెట్ దాకా వెళ్లాలా?

ఇక్కడే ఉద్యమం రెండుగా చీలింది. అక్టోబరు నాటి వీడియో చూసి సినెమా అంటే పడనివాళ్లు కూడా కొందరు ఇబ్బందిపడ్డారు. ఎంత కోపమున్నా ఒక ఆడమనిషి వెంట టాయిలెట్‌లోకి కెమెరాతో వెళ్లడం ఏం మర్యాద? అందులో ఆమె విద్యార్థులూ ఉన్నారు. ఇది సరైన నిరసన కాదని సినెమా ప్రకటన చేశారు. అధ్యక్షుడు బైడెన్‌ను అడిగితే ఆ పద్ధతి తగదంటూనే, అంగరక్షకులు లేని నాయకులందరికీ ఇలాంటివి జరుగుతూనే ఉంటాయని తేలిగ్గా అనేశారు.

నిరసనకారుల వాదన వేరు. ఫోన్లు చేశాం, ఉత్తరాలు రాశాం, ఆఫీసుకు వెళ్లాం. ఒక్కసారీ కూర్చుని మాట్లాడలేదు. పెద్ద దాతలకు దొరికే సమయం మాకెందుకు దొరకదు? అమ్మమ్మనూ తాతయ్యనూ పోగొట్టుకున్న అమ్మాయికి మర్యాద పాఠాలు చెబుతున్నారు సరే, ఆమె అడిగినదానికి జవాబేదీ?

రెండు వైపులా నిజముంది. ఆ వీడియో వాళ్ల గోడును దేశమంతా వినిపించింది. అదే వీడియో చర్చను పౌరసత్వం మీంచి టాయిలెట్ తలుపు మీదికి మళ్లించింది.

తెగిన బంధం

2022 జనవరి 13. ఫిలిబస్టర్ గురించి సొంత పార్టీ సెనేటర్లను ఒప్పించడానికి బైడెన్ స్వయంగా బయల్దేరారు. ఆయన వచ్చేలోపే సినెమా సభలో లేచి మాట్లాడారు. ఓటు హక్కు బిల్లులకు తన మద్దతు ఉందనీ, నిబంధన మార్చడానికి మాత్రం ఒప్పుకోననీ తేల్చిచెప్పారు. అధ్యక్షుడు వచ్చేసరికి మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు! జనవరి 19న ఓటింగు. సినెమా, వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ రిపబ్లికన్లతో కలిశారు. 52-48తో ప్రతిపాదన ఓడిపోయింది. మూడు రోజులకు అరిజోనా డెమోక్రటిక్ పార్టీ కార్యవర్గం ఆమెను అభిశంసించింది. మహిళా అభ్యర్థులకు అండగా నిలిచే ‘ఎమిలీస్ లిస్ట్’ సంస్థ ఆమెకు దూరం జరిగింది. ప్రైమరీలో ఓడించడానికే ప్రత్యేకంగా నిధుల సేకరణ సాగింది.

ఒత్తిడికి ఆమె లొంగారా? కాస్త కూడా లేదు. 2022 ఆగస్టులో బైడెన్ వాతావరణ బిల్లుకు ఓటేశారు కానీ, పెట్టుబడి సంస్థల యజమానుల పన్ను రాయితీని తీసేసే భాగాన్ని పక్కన పెట్టించాకే. అదే చేత్తో ఎండిపోతున్న కొలరాడో నది పరీవాహక ప్రాంతానికి 400 కోట్ల డాలర్లు తెచ్చారు. తుపాకుల నియంత్రణ చట్టం, స్వలింగ వివాహాలకు రక్షణ చట్టం రావడంలోనూ ఆమె చెయ్యి ఉంది.

2022 డిసెంబరు 9న పార్టీకే రాంరాం చెప్పి స్వతంత్ర సభ్యురాలినని ప్రకటించారు. 2023 జనవరిలో డెమోక్రటిక్ ఎంపీ రూబెన్ గాయేగో ఆ సీటుకు పోటీకి దిగారు. 2024 మార్చి 5న తాను మళ్లీ పోటీ చేయనని సినెమా వీడియోలో చెప్పారు. తేదీ చూశారా? బొటనవేలు దించిన రోజుకు సరిగ్గా మూడేళ్లు!

అంతకుముందూ ఇంతే

సొంత మనిషినే దించాలనుకోవడం అమెరికాలో కొత్త కాదు. 2006లో ఇరాక్ యుద్ధాన్ని సమర్థించిన లీబర్‌మన్‌ను (అవును, సినెమా తిట్టిన ఆయనే) కనెక్టికట్ కార్యకర్తలు ప్రైమరీలో ఓడించారు. నెడ్ లామాంట్ అనే వ్యాపారవేత్తను గెలిపించారు. లీబర్‌మన్ స్వతంత్రంగా నిలబడి, రిపబ్లికన్ల ఓట్లతో నవంబరులో తిరిగి గెలిచారు. 2009లో ఒబామా ఆరోగ్య బిల్లు నుంచి ప్రభుత్వ బీమా పథకాన్ని తీసేయించడంలో కీలకమైన ఓటు ఆయనదే అయింది. 2010లో ఆర్కాన్సా సెనేటర్ బ్లాంచ్ లింకన్ మీద కార్మిక సంఘాలు పోటీ అభ్యర్థిని నిలిపాయి. ఆమె ప్రైమరీలో కొద్దిలో గట్టెక్కారు. ఆ నవంబరులో రిపబ్లికన్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు.

2021లో మాంచిన్ మీదా నిరసనలు సాగాయి. వాషింగ్టన్‌లో ఆయన ఉండే పడవ ఇంటి చుట్టూ కార్యకర్తలు చిన్న పడవల్లో తిరిగారు. ఆయనా 2023 నవంబరులో పోటీ నుంచి తప్పుకున్నారు, 2024లో పార్టీ వదిలారు. కానీ వెస్ట్ వర్జీనియా రిపబ్లికన్ల కంచుకోట. ఆ సీటు నేరుగా వాళ్ల చేతికే వెళ్లింది. ఒకటే విత్తనం... నేలను బట్టి పంట!

ఎవరు గెలిచినట్టు?

2024 నవంబరులో అరిజోనాలో ట్రంప్ అయిదు శాతానికి పైగా ఆధిక్యంతో గెలిచారు. అదే రోజు, అదే ఓటర్లు సెనేట్‌కు మాత్రం గాయేగోను పంపారు. కార్యకర్తలు అన్నంత పనీ చేశారనుకోవచ్చు. సినెమా వెళ్తూ వెళ్తూ ఇంకో ఓటు వేశారు. డిసెంబరు 11న కార్మిక సంబంధాల బోర్డులో డెమోక్రాట్ల ఆధిక్యాన్ని నిలబెట్టే నియామకానికి ఆమె, మాంచిన్ వద్దన్నారు. 50-49తో అది వీగిపోయింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. 2025 జనవరిలో సెనేట్ ముందుకు లేకెన్ రైలీ చట్టం వచ్చింది. దొంగతనంలాంటి నేరాల్లో అరెస్టయిన అక్రమ వలసదారులను, నేరం రుజువు కాకముందే నిర్బంధించాలనే చట్టమది. వలస హక్కుల సంఘాలు గట్టిగా వద్దన్నాయి. దానికి ఓటేసిన పన్నెండు మంది డెమోక్రాట్లలో గాయేగో ఉన్నారు! అరిజోనా మరో సెనేటర్ మార్క్ కెల్లీ కూడా. రిపబ్లికన్లు, డెమోక్రాట్లతో పాటు దాదాపు మూడో వంతు ఎటూ చెందనివాళ్లు ఉన్న రాష్ట్రం అది. అక్కడ సెనేటర్ కుర్చీలో ఎవరు కూర్చున్నా చూపు ఆ మధ్యవాళ్ల మీదికే పోతుంది.

ఇంకో వింత. సినెమా కాపాడిన ఆ అరవై ఓట్ల నిబంధన ఉంది చూశారూ... 2025 అక్టోబరులో డెమోక్రాట్లు దాన్నే పట్టుకుని ఆరోగ్య బీమా రాయితీల కోసం ట్రంప్ ప్రభుత్వ ఖర్చుల బిల్లును ఆపారు. ప్రభుత్వం 43 రోజులు మూతపడింది. ఫిలిబస్టర్‌ను ఎత్తేయండని ఈసారి అడిగింది ట్రంప్! ‘రేపు వాళ్లొస్తే...’ అని సినెమా అన్నది నిజమైందని ఆమె అభిమానులు అంటారు. ‘ఆ రోజు ఓటు హక్కు చట్టం వచ్చుంటే...’ అని కార్యకర్తలు అంటారు. ఈ లెక్క తేలేది కాదు.

తేలిందొక్కటే. ఓటు వేయడంతో పని అయిపోదు. గెలిపించినవాళ్లను అడుగుతూనే ఉండాలి. అడిగే పద్ధతి మీద వాదన ఉండొచ్చు. అడగాలా వద్దా అన్నదాని మీద కాదు. అమ్మమ్మా తాతయ్యల కోసం తలుపు ముందు నిలబడి అడిగిన ఆ అమ్మాయికి కావాల్సిన చట్టం ఇంకా రాలేదు. తలుపు వెనక మనిషి మారారు, అంతే.

తట్టాల్సిన తలుపు అలాగే ఉంది.